సాగర్ మీదుగా వచ్చిన ఎడ్లు

ఒక జత పందెపు ఎడ్లను, వాటి యజమానిని, ఒక మినీ లారీని, ఆ లారీ డ్రైవరును ఒక్క ఉదయంలో పొరుగు రాష్ట్రానికి తరలించిన మనిషి మీ ఎరుకలో ఉన్నాడా? ఆ పని చేసింది దొంగ కాదు, దళారీ కాదు. పోటీ పరీక్షలకు చదువుకుంటున్న కుర్రాడు. పాపం దారి తెలియక చేశాడేమో అనుకునేరు, అదీ కాదు. దారి తనకు బాగా తెలుసు కాబట్టే చేశాడు. ఆ కుర్రాడు నేనే. ఇప్పుడు నరసరావుపేటలో ఒక కోచింగ్ సెంటర్లో జనరల్ నాలెడ్జి చెబుతున్నాను. నా విద్యార్థులు ఇది చదివితే రేపటినుంచి క్లాసులో నా పరువు దక్కదు. అయినా చెప్పేస్తాను. క్రోసూరు నుంచి మాచర్ల దాకా ఎలాగూ అందరికీ తెలుసు, మీరొక్కరే ఎందుకు నష్టపోవాలి?

అప్పట్లో నేను డిగ్రీ అయిపోయి, మేనమామ ఇంట్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. పాత పుస్తకాల కొట్టులో కొన్న ఒక జనరల్ నాలెడ్జి పుస్తకంలో జాతీయ రహదారుల నంబర్లన్నీ రాత్రీ పగలూ బట్టీ పట్టాను. మద్రాసు నుంచి కలకత్తా పోయేది అయిదు, హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చేది తొమ్మిది, కన్యాకుమారి పోయేది ఏడు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. అంతా అయ్యాక తెలిసింది, ఆ పుస్తకం అచ్చయిన తరవాత ప్రభుత్వం దేశంలో ఉన్న రోడ్లన్నిటికీ నంబర్లు మార్చేసిందని. మన అయిదు పదహారు అయింది, తొమ్మిది అరవై అయిదు అయింది, ఏడు నలభై నాలుగు అయింది. కొత్త అయిదో నంబరు రోడ్డు ఎక్కడుందని చూస్తే సిమ్లా కొండలెక్కుతోంది. నేను ఎంతో కష్టపడి మెదడులో కూర్చోబెట్టిన రోడ్డు స్వెట్టరు వేసుకుని మంచులో తిరుగుతోందని తెలిస్తే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

కానీ కొత్త నంబర్లలో ఒక అందం ఉంది. ఏ రోడ్డుకు ఏ నంబరు ఎందుకు వచ్చిందో చెప్పడానికి ఒక న్యాయం పెట్టారు. ఉత్తరం నుంచి దక్షిణానికి పోయే రోడ్లకు సరి సంఖ్యలు. తూర్పు నుంచి పడమరకు పోయేవాటికి బేసి సంఖ్యలు. మూడంకెల నంబరుంటే అది పిల్ల రోడ్డు. చివరి రెండంకెలు దాని తల్లి రోడ్డు పేరు, మొదటి అంకె సరా బేసా అన్నదాన్నిబట్టి పిల్ల ఏ దిక్కుకు పోతుందో తెలిసిపోతుంది. ఇది చదివిన రోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఇక ఈ దేశంలో ఎవరినీ దారి అడగక్కర్లేదు, నంబరు చూస్తే చాలు అనుకున్నాను. ఆ నెలలోనే ఒక పెళ్లికి వినుకొండ పోయాం. ఆ రోడ్డు 544డి. మొదటి అంకె అయిదు, బేసి. నేను ముందే చెప్పినట్టు బస్సు బుద్ధిగా పడమరకే పోయింది. సరిగ్గా అదే నా కొంప ముంచింది.

ఇక మా మావయ్య సంగతి. పేరు పుల్లయ్య, మా అమ్మకు తమ్ముడు. క్రోసూరు పక్కన పల్లెలో మిరప, పత్తి వేస్తాడు. పంట గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తాడు గానీ, ఎడ్ల గురించి అడిగితే మన భోజనం వేళ దాటిపోవలసిందే. ఆయనకు బండలాగుడు పందేల కోసం పెంచిన ఒంగోలు జత ఒకటి ఉండేది. ఒకదాని పేరు మైనరు, రెండోదాని పేరు మున్సబు. “ఈ ఇంట్లో ఉలవలు ఎడ్లకి, ఉలవచారు మనుషులకి” అని మా నాగమణి అత్తయ్య వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఒకరోజు మావయ్య వాటి ఒళ్లు రుద్దుతుంటే, నేను గొడ్లచావడి అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుని వల్లె వేస్తున్నాను.

“ఏందిరా శీనూ, జపమా?”

“రోడ్డు నంబర్లు మావయ్యా.”

“రోడ్డుకి నంబరేందిరా? మాచర్లలో నిలబడితే అది గురజాల రోడ్డు, గురజాలలో నిలబడితే అదే మాచర్ల రోడ్డు. మధ్యలో నిలబడితే బస్సు ఆపరు. ఇంతేగా.”

“అట్లా చెప్తేనే మనోళ్లు దారి తప్పేది. నంబరైతే ఎక్కడ నిలబడినా ఒకటే ఉంటది.”

“ఏమో, నాకు అయిదో నంబరు రోడ్డు తెలుసు. చిలకలూరిపేట మీద పోద్ది.”

“అది ఇప్పుడు అయిదు కాదు మావయ్యా, పదహారు.”

“ఎప్పుడు మార్చారు?”

“చానా ఏళ్లయింది.”

మావయ్య రుద్దడం ఆపాడు. “మరి నాకు చెప్పలేదే. నేను దాని మీద మిరపకాయలు తోలతన్నా గదా. ఎద్దు పేరు మారిస్తే ఎద్దుకన్నా చెప్తాం.”

నేను ఊరుకోలేదు. మాచర్ల మీద పోయే రోడ్డు కూడా ఇప్పుడు జాతీయ రహదారి అయిందని, దాని నంబరు 565 అని, కిలోమీటరు రాళ్లకు ఆకుపచ్చ టోపీ తీసేసి పసుపు టోపీ పెట్టారని చెప్పాను. మావయ్య నిదానంగా విన్నాడు. “మా చిన్నప్పుడు అది ఎర్రమట్టి బాట. తర్వాత కంకర రోడ్డన్నారు, ఆ తర్వాత స్టేటు హైవే అన్నారు, ఇప్పుడు నేషనలంటన్నావు. రోడ్డుకన్నా ఇన్ని ప్రమోషన్లు వచ్చినయ్యి. నీకెప్పుడురా ఉద్యోగం?”

అన్ని మాటలూ తిరిగి అక్కడికే వచ్చేవి. పొద్దున అన్నం పెట్టేటప్పుడు అదే, సాయంత్రం టీ తాగేటప్పుడు అదే. ఆ బాధలో ఉన్న నాకు వారం తిరక్కుండానే దేవుడు ఒక అవకాశం ఇచ్చాడు. మాచర్ల దాటాక ఎర్రగొండపాలెం పోయే దారిలో ఒక ఊళ్లో తిరునాళ్లకు బండలాగుడు పందెం పెట్టారు. ఏ జత ఎప్పుడు లాగాలో తేల్చడానికి పొద్దున ఎనిమిదింటికి చీటీలు తీస్తారు, ఆ సమయానికి ఎడ్లు అక్కడ లేకపోతే పందెంలో లేనట్టే. మైనరు, మున్సబు మంచి ఊపు మీద ఉన్నాయి. రెండేళ్లుగా మావయ్య ఎదురుచూస్తున్నది ఇలాంటి పెద్ద పందెం కోసమే. కానీ మావయ్య ఎప్పుడూ మాచర్ల దాటి పోలేదు. మినీ లారీ డ్రైవరు దేవదానం అన్నకు తెలిసిందల్లా గుంటూరు మిర్చి యార్డు దారి ఒక్కటే. ఆ దారిలో కూడా ఊళ్లు కాకుండా ఇడ్లీ కొట్లు గుర్తు పెట్టుకుని నడుపుతాడు.

“దారి నేను చూసుకుంటా మావయ్యా,” అన్నాను.

“నిజంగానా?”

“చీటీల టైముకి నిన్ను అక్కడ దింపితే నాకేమిస్తావు?”

మావయ్య మున్సబు మెడ మీద చెయ్యి వేశాడు. “టైముకి దింపు. ఈ జన్మలో నీ ఉద్యోగం గురించి అడగను.”

గ్రూప్స్ అభ్యర్థికి ఇంతకంటే పెద్ద వరం ఉంటుందా మీరే చెప్పండి.

తెల్లవారుజామునే బయల్దేరాం. అత్తయ్య ఎడ్లకు బొట్టు పెట్టి, మాకు పులిహోర మూట ఇచ్చి ఒక్కటే మాట చెప్పింది. “మాచర్లలో ఎవరినన్నా ఒక్కరిని అడగండి.” నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. పిడుగురాళ్ల, దాచేపల్లి, గురజాల, రెంటచింతల మీదుగా ఏ ఆటంకం లేకుండా మాచర్ల చేరాం. అప్పుడే పొద్దు పొడుస్తోంది. చేతిలో కావలసినంత సమయం ఉంది. రోడ్డు పక్కన టీ కొట్టాయన మొదటి టీ పోస్తున్నాడు.

“ఆపు దేవదానం,” అన్నాడు మావయ్య. “ఎర్రగొండపాలెం రోడ్డు ఎటో ఆయన్ని అడుగుదాం.”

“అడగొద్దు,” అన్నాను నేను.

“ఎందుకురా?”

“నేనున్నా గదా. మనం పోవాల్సిన రోడ్డు 565. మొదటి అంకె అయిదు, బేసి. అంటే తూర్పు నుంచి పడమరకి పోద్ది. మ్యాపులో ఎర్రగొండపాలెం మాచర్లకి ఎడమ పక్కన ఉంటది. ఎడమంటే పడమర. సూర్యుణ్ణి వీపున పెట్టుకుని పోతే సరి.”

దేవదానం అన్న స్టీరింగు వదిలేసి నా వైపు ఆరాధనగా చూశాడు. “చదువంటే ఇదీ, పెద్దాయనా. మనం ఇడ్లీ కొట్లు చూసుకుని పోతన్నాం, ఇతను సూర్యుణ్ణి చూసుకుని పోతన్నాడు.”

మ్యాపులో ఎర్రగొండపాలెం మాచర్లకు ఎడమ పక్కన ఉన్న మాట నిజమే. వెంట్రుకవాసి. కిందికి మాత్రం బాగా దిగువన ఉంది. ఎడమ ఎంత, కింద ఎంత అన్నది నేను పట్టించుకోలేదు. నియమం దొరికాక మ్యాపుతో పనేముంది? జేబులో దారి చూపించే ఫోను కూడా ఉంది, తీయలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఎవరో అన్నారట. నేను పట్టిన రోడ్డుకు రెండే దిక్కులు.

ఊరు దాటగానే పసుపు టోపీ పెట్టుకున్న రాయి కనిపించింది. దాని మీద 565 అని ఉంది. “చూశావా మావయ్యా?” అన్నాను. మావయ్య చూశాడు. నంబరు కింద ఉన్నది కూడా చూశాడు.

“సాగర్ అని రాసుందేందిరా?”

“అది మనం వదిలేసిన వైపు దూరం.”

మావయ్య పులిహోర మూట విప్పాడు. మరో రాయి వచ్చింది, ఇంకో రాయి వచ్చింది.

“శీనూ, ఇందాక సాగర్ పన్నెండుంది. తర్వాత పదకొండు. ఇప్పుడు పది. వదిలేసిన ఊరు వెంటబడి వస్తందా?”

“రాళ్లు అటుదిటు పాతుంటారు మావయ్యా. కొత్తగా మార్చారు గదా, ఇట్లాంటి పొరపాట్లు ఉంటయ్యి.”

“అంటే రాళ్లన్నీ తప్పు, నువ్వొక్కడివే రైటు.”

“నియమం రైటు,” అన్నాను నేను వినయంగా.

చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఏమిటో పెద్దలు ఊరికే చెప్పలేదు. కాసేపటికి గాలి చల్లగా తగిలింది. దేవదానం అన్న ఉత్సాహంగా, “ఎర్రగొండపాలెం దగ్గర ఇంత పెద్ద చెరువుందని తెలీదు,” అన్నాడు. మావయ్య తల బయటపెట్టి చూశాడు. చెరువు కాదు, కృష్ణానది. ఒక పక్క ఆనకట్ట కొండంత ఎత్తున నిలబడి ఉంది. లారీ అప్పటికే వంతెన మీద ఉంది, ఆపడానికి చోటు లేదు. అవతలి ఒడ్డుకు పోయి ఒక కొట్టు ముందు ఆగాం. కొట్టాయన ఎడ్లను చూసి ముచ్చటపడ్డాడు.

“మస్తున్నయ్ ఎడ్లు. ఏడికి తోల్కపోతున్రు?”

“ఎర్రగొండపాలెం వైపు అయ్యా,” అన్నాడు మావయ్య చాలా మర్యాదగా.

“ఎర్రగొండపాలెమా? అది ఆంధ్రల గదా. మాచర్లకెళ్లి కిందికి పోవాలె. మీరు తెలంగాణల ఉన్నరు.”

అప్పుడు నేను ఫోను తీశాను. చూస్తే ఏముంది, 565 నకిరేకల్లు దగ్గర మొదలై, నల్గొండ, సాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం మీదుగా తిరుపతి దాపుల దాకా నిలువునా పోతోంది. ఉత్తరం నుంచి దక్షిణానికి. మాచర్లలో అది రెండు వైపులకూ ఉంది, నేను పై వైపు పట్టుకున్నాను. బేసి అంకె నుదుట పెట్టుకుని ఆ రోడ్డు సరి అంకె దిక్కుకు ఎందుకు పోతోందో నాకు ఈరోజుకీ తెలియదు. రోడ్డుకు నంబరు పెట్టారు గానీ, ఆ నంబరు చెప్పినట్టు వినమని రోడ్డుకు చెప్పలేదు.

మావయ్య ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎడ్ల దగ్గరకు పోయి రెండింటికీ నీళ్లు పెట్టి, “చూడండ్రా, సాగర్. మళ్లీ మళ్లీ చూపించలేను,” అన్నాడు. రెండేళ్ల ఆశ ఆయనది. నా గొప్ప కోసం దాన్ని వంతెన దాటించాను. సరిగ్గా అప్పుడే అత్తయ్య ఫోను చేసింది.

“ఏడున్నారు? చీటీ తీశారా?”

“నీళ్ల దగ్గరున్నాం అత్తయ్యా.”

“ఏ నీళ్లు?”

“కృష్ణ నీళ్లు.”

“కృష్ణ నీళ్లు మన పక్కన అచ్చంపేట కాడే ఉన్నయ్యి గదరా. అంత దూరం పోయి చూడాల్నా?”

తిరుగు ప్రయాణం ఎలా జరిగిందో నాకు సరిగా గుర్తులేదు, కళ్లు మూసుకునే ఉన్నాను. మాచర్లలో మావయ్య తనే దిగి, ఆ టీ కొట్టాయన్నే అడిగాడు. ఆయన చెయ్యి చాపి చూపించాడు, అంతే. మేం ఆ ఊరు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. మైకు అరుస్తోంది, జనం కిక్కిరిసి ఉన్నారు, చీటీలు ఎప్పుడో తీసేశారు, మొదటి జత బండ లాగడం కూడా అయిపోయింది.

కమిటీ పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. “రూలంటే రూలే పుల్లయ్యా. చీటీ లేనిదే ఎట్లా? మిగతా ఎడ్లోళ్లందరూ సరేనంటే చివర లాగనిస్తాం. వాళ్లెందుకు ఒప్పుకుంటారు?”

“ఎందుకు ఆలస్యమైందో అడగండయ్యా,” అన్నాడు దేవదానం అన్న. నాకు సాయం చేస్తున్నాననుకున్నాడు. “క్రోసూరు నుంచి సాగర్ మీదుగా వచ్చాం.”

ఆ మాట మైకు పట్టుకున్నాయన చెవిన పడింది. పందేల దగ్గర మైకు ఆయనలు ఎలా ఉంటారో తెలియనివాళ్లకు చెబుతున్నాను, ఆయన చెవిన పడిన మాట ఊరి చెవిన పడినట్టే. “క్రోసూరు ఎడ్లు, నాగార్జునసాగర్ మీదుగా, తెలంగాణ రాష్ట్రాన్ని పావనం చేసి, ఇప్పుడే విచ్చేశాయి,” అని మూడుసార్లు చెప్పాడు. జనం గొల్లుమన్నారు. ఎడ్ల యజమానులు మా చుట్టూ మూగారు. వాళ్లలో తలపాగా చుట్టుకున్న ఒకాయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

“నువ్వేనంటగా చదువుకున్నోడివి. మాచర్ల దాకా వచ్చి ఇటు రావాల్సినోళ్లు అటెందుకు పోయారో మైకులో చెప్పు. చెప్తే మేం ఒప్పుకుంటాం.”

నేను మావయ్య వైపు చూశాను. మావయ్య ఎడ్ల వైపు చూస్తున్నాడు. మైకు తీసుకున్నాను.

నా జీవితంలో మొట్టమొదటి జనరల్ నాలెడ్జి క్లాసు ఆ పందెం బరిలోనే జరిగింది. సరి సంఖ్యలు నిలువు, బేసి సంఖ్యలు అడ్డం అని మొదలుపెట్టాను. పాత అయిదు పదహారు ఎలా అయిందో చెప్పాను. పిల్ల రోడ్లు, తల్లి రోడ్లు చెప్పాను. సూర్యుణ్ణి వీపున పెట్టుకున్న చోటికి వచ్చేసరికి ముందు వరసలో ఒక ముసలాయన నవ్వలేక కూలబడ్డాడు. వదిలేసిన సాగర్ మా వెంటబడి వచ్చిన చోట మైకు ఆయనే నవ్వు ఆపుకోలేకపోయాడు.

“ఆ నంబరు పెట్టినాయన మాచర్ల రాలేదనుకుంటా,” అన్నారెవరో.

“వచ్చే ఉంటాడు,” అన్నాడు తలపాగా ఆయన. “ఇట్టాగే సాగర్ పోయుంటాడు.”

మళ్లీ నవ్వులు. అవి తగ్గాక ఆయన కళ్లు తుడుచుకుంటూ కమిటీ వైపు తిరిగాడు. “లాగనియ్యండయ్యా వాళ్లని. మా ఎడ్లు మాకు బహుమతి తెస్తయ్యో లేదో గానీ, ఈ అబ్బాయి మాకింత నవ్వు తెచ్చాడు.”

మైనరు, మున్సబు చివరగా దిగాయి. దారంతా లారీలో విశ్రాంతి తీసుకున్నాయో, కృష్ణ నీళ్ల మహిమో నాకు తెలియదు గానీ, బండను లాక్కుంటూ సాయంత్రపు ఎండలో ఉరికాయి. రెండో బహుమతి వచ్చింది. మావయ్య రెండు ఎడ్ల మధ్య నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. మొదటి బహుమతి తలపాగా ఆయన జతకు వచ్చింది, అది న్యాయమే.

ఇంటికి వస్తూ నేను మెల్లిగా అడిగాను. “మావయ్యా, మన ఒప్పందం?”

“ఏ ఒప్పందం?”

“ఉద్యోగం గురించి అడగనన్నావు.”

“టైముకి దింపితేగా. ఉద్యోగం ఎప్పుడురా?”

ఆ ఉద్యోగం కథ కూడా ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే అసలు సంగతి మీకు దక్కదు. కొన్ని నెలలకు పరీక్ష వచ్చింది. ప్రశ్నాపత్రం తిప్పుతుంటే ఒకచోట నా రోడ్డు కనిపించింది. మూడంకెల జాతీయ రహదారి నంబరులో మొదటి అంకె బేసి అయితే ఆ రహదారి ఏ దిక్కుల మధ్య పోతుంది? చుట్టూ ఉన్నవాళ్లు పెన్ను కొరుకుతున్నారు. నేను నవ్వుకున్నాను. వీళ్లకేం తెలుసు? నేను ఆ రోడ్డు మీద ప్రయాణం చేసినవాణ్ణి, ఎడ్లతో సహా. వంతెన, ఆనకట్ట, కొట్టాయన అన్నీ కళ్లముందు కదిలాయి. ధైర్యంగా, ఉత్తర దక్షిణాలు అన్న గడి నింపాను.

ఫలితాలు వచ్చాయి. ఒక్క మార్కు తక్కువైంది. ఏ మార్కో మీకు చెప్పక్కర్లేదు.

మావయ్య చావడిలో ఎడ్ల ఒళ్లు రుద్దుతున్నాడు. నేను అరుగు మీద కూర్చుని జరిగింది చెప్పాను.

“పోయేటప్పుడేమో పుస్తకాన్ని నమ్మావు. పరీక్ష రాసేటప్పుడేమో రోడ్డుని నమ్మావు. ఒక్కసారన్నా తిరగేసి నమ్మి చూడరాదంట్రా?”

ఈ ఒక్క మాటను నేను ఇప్పటికీ ప్రతి కొత్త బ్యాచికి మొదటి రోజు చెబుతాను. ఎవరన్నారో మాత్రం చెప్పను.

అందుచేత, పసుపు టోపీ పెట్టుకున్న సమస్త కిలోమీటరు రాళ్ల సాక్షిగా, మైనరు మున్సబుల కొమ్ముల సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ ఎద్దునూ, ఏ మేనమామనూ నంబరు చూసి నడిపించను. రోడ్డు మీద మనిషిని అడుగుతాను, పరీక్షలో పుస్తకాన్ని నమ్ముతాను, టీ కొట్టు కనిపిస్తే లారీ ఆపుతాను. ఇంత పెద్ద ప్రమాణం తూర్పు తిరిగి దణ్ణం పెట్టి చెయ్యాలని మా అత్తయ్య అంటోంది. తప్పకుండా పెడతాను. తూర్పు ఎటో ముందు ఎవరినైనా అడిగి వస్తాను.